'చూసుకుంటారు' అంటే ఎవరు? ఒక వార్డులో ఎవరి పని ఏదో తేల్చుకున్న కేసు

"పొటాషియం ఎక్కువ. డాక్టర్‌కి ఇన్ఫార్మ్ చేయడమైనది."

హ్యాండోవర్ పుస్తకంలో ఆ రోగి పేరు పక్కన ఉన్నది ఈ రెండు ముక్కలే. ఎవరు చెప్పారో లేదు. ఏ డాక్టర్‌కి చెప్పారో లేదు. ఎన్ని గంటలకో, ఆయన ఏమన్నారో అసలే లేదు. అలాగని అందులో అబద్ధమూ లేదు, నిజంగానే చెప్పారు. అయినా మూడు గంటల పది నిమిషాలపాటు ఆ మంచం దగ్గరికి ఎవరూ రాలేదు.

నేను చాలాకాలం వార్డు నర్సుగా చేసి, తర్వాత ఆసుపత్రి క్వాలిటీ విభాగంలోకి వచ్చాను. ఈ కేసు నా దగ్గరికి విచారణగా వచ్చింది. వెళ్లేటప్పటికి 'ఈ వార్డులో ఎవరి పని ఏది' అని రాసుకుని, దాన్ని కొలుచుకునే పనిగా మారిపోయింది. మధ్యలో రెండు పెద్ద పొరపాట్లు జరిగాయి. రెండూ నావే. రోగిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆ సాయంత్రం

రోగికి గుండె బలహీనత ఉంది, కిడ్నీలు కూడా కొంత దెబ్బతిన్నాయి. ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ అనే మందులు రెండూ నడుస్తున్నాయి. కిడ్నీలు సరిగా పనిచేయని మనిషికి ఈ రెండూ కలిపి ఇస్తే పొటాషియం పెరగొచ్చని ఫార్మకాలజీ పరీక్ష రాసిన వాళ్లెవరికైనా తెలుసు. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది ఆ రోజు 6.4 వచ్చింది.

ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది 7:40కి. షిఫ్ట్ మారేది 8 గంటలకి. ఫోన్ ఎత్తిన సిస్టర్ ఒక చేత్తో డ్రిప్ సెట్ పట్టుకుని ఉంది. కాగితం దొరక్క, ట్రేలో ఉన్న మైక్రోపోర్ టేపు చింపి, దాని మీద బెడ్ నంబరు, 6.4 అని రాసి ట్రే అంచుకి అంటించింది. బయటికి వచ్చేసరికి కారిడార్‌లో డ్యూటీ డాక్టర్ ఎదురయ్యారు. ఆయన ఇంకో వార్డు నుంచి కాల్ వస్తే పరుగెత్తుతున్నారు. విన్నారు, "సరే సిస్టర్, చూస్తాను" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నమే కిడ్నీ డాక్టర్‌కి రిఫరెన్స్ పంపి ఉండటంతో, తను తిరిగొచ్చేలోపు వాళ్లొచ్చి చూసుకుంటారని ఆయన ధైర్యం. క్లినికల్ ఫార్మసిస్టు ఆ మధ్యాహ్నమే రెండు మందులూ కలిసి ఉన్నాయని గమనించి, తన రిజిస్టర్‌లో 'పొటాషియం చూడాలి' అని రాసి, 5 గంటలకి డ్యూటీ దిగిపోయింది. రాత్రి సిస్టర్ పుస్తకంలో ఆ రెండు ముక్కలూ చదివి, చెప్పేశారు కదా అనుకుంది.

10:50కి ట్రే సర్దుతుంటే ఆ టేపు ముక్క ఆమె వేలికి అంటుకుంది. అంతే, వెంటనే ఫోన్ చేసింది. ఈసీజీలో టీ వేవ్‌లు మొనదేలి నిలువుగా లేచి ఉన్నాయి, పెరిగిన పొటాషియం గుండెను తాకుతోందనడానికి గుర్తు అది. కాల్షియం గ్లూకోనేట్, గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్, ఆ రెండు మందులూ ఆపేయడం, అన్నీ చకచకా జరిగిపోయాయి. రోగి కోలుకుని ఇంటికి వెళ్లారు. జరిగింది జరిగినట్టే కుటుంబానికి చెప్పాం.

విచారణలో నలుగురితో విడివిడిగా మాట్లాడాను. నలుగురూ ఒకే మాట అన్నారు: "చూసుకుంటారనుకున్నాను." ఎవరు చూసుకుంటారని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో జవాబు.

మన భాషలో ఇదో సౌకర్యం. కర్త లేకుండానే వాక్యం చక్కగా నిలబడుతుంది. 'చూసుకుంటారు'లో ఎవరో ఉన్నారు, కానీ పేరు లేదు. 'ఇన్ఫార్మ్ చేయడమైనది' అంటే ఇంక అనుమానమే లేదు, పని దానంతటదే జరిగిపోయినట్టు ఉంటుంది. ఇంట్లో, వీధిలో ఇది బాగానే నడుస్తుంది. మందుల చార్టు మీద మాత్రం నడవదు.

కాన్ఫరెన్స్ గదిలో రాసిన తొమ్మిది పేజీలు

మొదటి పొరపాటు ఇదే. విచారణ అవగానే ఉద్యోగ వివరణ పత్రాలన్నీ బయటికి తీశాను. నర్సుది, డ్యూటీ డాక్టర్‌ది, ఫార్మసిస్టుది, మూడింటిలోనూ 'రోగి ల్యాబ్ ఫలితాలను మానిటర్ చేయడం' అన్న వాక్యం ఉంది. ముగ్గురూ మానిటర్ చేయాలి. మానిటర్ చేసి ఏం చేయాలో ఏ పత్రంలోనూ లేదు.

సరే, కొత్తగా రాద్దామని కూర్చున్నాం. పాత్రల గురించి ప్రపంచంలో ఉన్నవన్నీ ముందేసుకున్నాం. కెనడాలో ఫిజీషియన్లు, సర్జన్ల రాయల్ కాలేజీ వాళ్ల కాన్‌మెడ్స్ ఉంది. అది ఒక డాక్టర్‌లోనే ఏడు పాత్రలు చూస్తుంది: వైద్య నిపుణుడు, సంభాషణకర్త, సహకరించేవాడు, నాయకుడు, ఆరోగ్యం కోసం వాదించేవాడు, అధ్యయనశీలి, వృత్తి ధర్మం పాటించేవాడు. ఇందులో 'నాయకుడు' అన్నది 2015 దాకా 'మేనేజర్'గా ఉండేది. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల వర్గీకరణలో నర్సుకి 2221, ఫార్మసిస్టుకి 2262, సహాయ నర్సుకి 3221 అని సంకేతాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ చదివి, కలిపి, తొమ్మిది పేజీల పత్రం తయారు చేశాం. సంతకాలు పెట్టించాం. వార్డుకి పంపాం.

రెండు వారాల తర్వాత వెళ్లి చూస్తే అది డ్రాయర్‌లో గ్లవ్స్ పెట్టెల కింద ఉంది. నాకు కోపం రాలేదు. నేను వార్డులో ఉన్నా అక్కడే పెట్టేదాన్ని.

ఆ చట్రాల తప్పేమీ లేదు. కాన్‌మెడ్స్ శిక్షణ కోసం పుట్టింది, డాక్టర్‌కి ఏ సామర్థ్యాలు ఉండాలో చెబుతుంది. వృత్తుల వర్గీకరణ దేశాల లెక్కల కోసం పుట్టింది, ఎవరెంతమంది ఉన్నారో చెబుతుంది. రాత్రి 7:40కి ఫోన్ వస్తే ఆ పని ఎవరి దగ్గర ముగుస్తుందో చెప్పడం వాటి ఉద్దేశమే కాదు. 'పాత్ర' అన్న ఒక్క మాటకే మూడు అర్థాలున్నాయి: చట్టం అనుమతించినది, ఆసుపత్రి కాగితం మీద రాసినది, ఆ షిఫ్టులో ఆ మనిషి నిజంగా చేసేది. మూడింటినీ కలిపి కలగాపులగం చేశాం.

నాలుగు ప్రశ్నలు, విడివిడిగా

రెండోసారి మనుషుల దగ్గర కాకుండా పని దగ్గర మొదలుపెట్టాం. వార్డులో చేతులు మారే పనులు మాత్రమే తీసుకున్నాం: ప్రమాదకరమైన ల్యాబ్ ఫలితం, కొత్త మందు మొదలుపెట్టడం, డిశ్చార్జి మందుల చీటీ, ఇంకో విభాగానికి రిఫరెన్స్, రోగి పరిస్థితి దిగజారడం. ఒక్కో పనికి నాలుగు ప్రశ్నలు. ఎవరు మొదలుపెడతారు? ఎవరు చేస్తారు? ఎవరికి తెలియాలి? 'అయిపోయింది' అని ఎవరు అంటారు?

మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు దీన్ని రేసీ పట్టిక అంటారు. చేసేవారు, జవాబుదారీ, సలహా ఇచ్చేవారు, సమాచారం అందాల్సినవారు అన్న నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే (RACI) ఆ పేరు. అందులో గట్టిగా పట్టుకోవాల్సిన నియమం ఒక్కటే: జవాబుదారీ గడిలో ఒక్కరే ఉండాలి. మేం దాన్ని 'అయిపోయింది అనేవారు' అని మార్చుకున్నాం. జవాబుదారీ అనగానే వార్డులో అందరికీ మెమో గుర్తొస్తుంది.

పనికొచ్చిన కిటుకు ఇంకొకటి. పట్టికను మీటింగులో కలిసి నింపలేదు. నర్సులు, డ్యూటీ డాక్టర్లు, కన్సల్టెంట్లు, ఫార్మసిస్టు, ల్యాబ్ వాళ్లు ఎవరికి వాళ్లు, పక్కవాళ్లది చూడకుండా నింపారు. తర్వాత కాగితాలన్నీ గోడకి వరసగా అంటించి, జవాబులు కలవని గడులకు ఎర్రరంగు వేశాం. ఒప్పుదలను కొలవడానికి కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా లాంటి లెక్కలున్నాయి. యాదృచ్ఛికంగా కలిసిన జవాబులను అది తీసేసి చూపిస్తుంది. మాకు అంతదాకా అవసరం పడలేదు, ఎరుపు దూరం నుంచే కనిపించింది.

ల్యాబ్ ఫలితం వరసలో మొదటి మూడు గడులు దాదాపు అందరివీ కలిశాయి. నాలుగోది ఏ ఇద్దరిదీ కలవలేదు. ల్యాబ్ వాళ్లు 'ఫోన్ పెట్టేయగానే అయిపోయింది' అన్నారు. నర్సులు 'డాక్టర్‌కి చెప్పగానే' అన్నారు. డ్యూటీ డాక్టర్లు 'స్పెషలిస్టు చూడగానే' అని రాశారు. ఫార్మసిస్టు 'రిజిస్టర్‌లో రాయగానే' అంది. ఆ సాయంత్రం జరిగిందంతా ఆ ఒక్క వరసలో గోడ మీద ఉంది.

చేతులు ఒక పనిలో, చెవి ఇంకో పనిలో

ఎవరేమనుకుంటున్నారో తెలిసింది. నిజంగా ఏం చేస్తున్నారో తెలియాలంటే వార్డులో నిలబడాలి. రోజంతా ఒకరి వెంట స్టాప్‌వాచ్ పట్టుకుని తిరగడం ఒక పద్ధతి. మేం తీసుకున్నది వర్క్ శాంప్లింగ్. 1930ల్లో ఎల్‌.హెచ్‌.సీ. టిపెట్ బ్రిటన్ బట్టల మిల్లుల కోసం కనిపెట్టిన ఉపాయం అది. మగ్గాలు ఎంతసేపు ఆగి ఉంటున్నాయో తెలుసుకోవడానికి రోజంతా కాపలా కాయనక్కర్లేదు, లాటరీ తీసినట్టు ఎంచుకున్న సమయాల్లో వెళ్లి ఒక్క చూపు చూసి రాసుకుంటే చాలు. చూపులు తగినన్ని ఉంటే వాటి నిష్పత్తే సమయం నిష్పత్తి. ఒక పని సగం సమయం తీసుకుంటోందనుకుంటే, 5 శాతం అటూ ఇటూగా, 95 శాతం నమ్మకంతో చెప్పడానికి సుమారు 385 చూపులు కావాలి. 3 శాతానికి బిగించాలంటే వెయ్యి దాటుతాయి.

మొదటి వారం లెక్కల్ని పారేశాం. మమ్మల్ని చూడగానే వార్డంతా బుద్ధిగా మారిపోయేది. 'మన తప్పులు రాసుకోవడానికి వచ్చారు' అని టీ గదిలో అనుకున్నారట. అనుకోరా మరి? హాథార్న్ ఫ్యాక్టరీ ప్రయోగాల పేరుతో పుస్తకాల్లో చదువుకున్న సంగతే ఇది. కాగితం మీద పేర్లు ఉండవని, హోదా ఒక్కటే ఉంటుందని మా ఫారాలు చూపించాక, మేం అక్కడ కుర్చీల్లాగా అలవాటయ్యాక గానీ రాసినదానికి విలువ రాలేదు.

ఒక చూపు గురించి చెప్పాలి. నేనూ, నర్సింగ్ ట్యూటర్ ఒకరూ ఒకే క్షణంలో ఒకే సిస్టర్‌ని చూశాం. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి ఉంది. చేతులు యాంటీబయాటిక్ వయల్ కలుపుతున్నాయి. నోరు అటెండర్‌కి వీల్‌చెయిర్ ఎక్కడుందో చెబుతోంది. నేను 'మందులు' అని టిక్ పెట్టాను, ఆవిడ 'సంభాషణ' అని పెట్టారు. వాదించుకుని, చేతులు ఏం చేస్తుంటే అదే పని అని నియమం పెట్టుకున్నాం. ఆ రాత్రి ఇంటికెళ్లాక తట్టింది. పొటాషియం ఫోన్ వచ్చినప్పుడు కూడా ఆ సిస్టర్ చేతిలో డ్రిప్ సెట్ ఉంది. మా నియమం ప్రకారం ఆ ఫోన్ కాల్ అసలు లెక్కలోకే రాదు. ఏ పని దగ్గర దెబ్బతిన్నామో సరిగ్గా ఆ పనినే కనబడకుండా చేసే కొలబద్ద తయారు చేసుకున్నాం! మర్నాడు ఫారంలో రెండో గడి చేర్చాం: చేతులేం చేస్తున్నాయి, చెవీ నోరూ ఏం చేస్తున్నాయి.

ఇంకో గడి కూడా చేర్చాల్సి వచ్చింది, 'వెతకడం'. మా మొదటి జాబితాలో అది లేదు. ఏ ఉద్యోగ వివరణలోనూ ఉండదు. కేస్ షీట్ ఎక్కడుంది, బీపీ మిషన్ ఎవరు తీసుకెళ్లారు, ఈ షిఫ్ట్‌కి డ్యూటీ డాక్టర్ ఎవరు, ఆయన నంబరేది, ఇదంతా నర్సులే వెతుకుతున్నారు. 1910ల్లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఆపరేషన్ థియేటర్లను ఫిల్మ్ తీసి చూసినప్పుడు సర్జన్లు పరికరాల కోసం వెతుక్కుంటూ సమయం పోగొట్టుకోవడం కనిపించింది. అడగ్గానే పరికరాన్ని సర్జన్ చేతిలో పెట్టే మనిషి ఉండాలన్నాడు. ఒక పాత్ర కొలతలోంచే పుట్టిందన్నమాట. మేం చేసింది చాలా చిన్నపని. షిఫ్ట్ మొదట్లోనే డ్యూటీ డాక్టర్ పేరు, నంబరు బోర్డు మీద రాయడం. వెతుకులాటలో పెద్ద ముక్క దానితోనే పోయింది.

శాతాలు ఇక్కడ రాయడం లేదు. అవి ఆ వార్డువి. ఇంకో వార్డు వాళ్లు వాటిని తీసుకుని తమవిగా వాడుకుంటారేమోనని నా భయం, అలా జరగడం చూశాను.

తన పని తనకు తెలిస్తే సరిపోదు

1964లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ కాన్ బృందం పాత్రను ఆ మనిషి మీద చుట్టూ ఉన్నవాళ్లు పెట్టుకున్న అంచనాలుగా చూసింది. 1970లో రిజ్జో, హౌస్, లిర్ట్‌జ్‌మన్ అనే పరిశోధకులు ఆ అంచనాలు ఎంత అస్పష్టంగా ఉన్నాయో, ఒకదానితో ఒకటి ఎంత పొసగకుండా ఉన్నాయో కొలిచే ప్రశ్నావళి ఇచ్చారు. బాగా వాడుకలో ఉన్న రూపంలో 14 వాక్యాలుంటాయి, 8 పాత్రల మధ్య లాగులాట గురించి, 6 అస్పష్టత గురించి. పేర్లు లేకుండా అందరికీ ఇచ్చాం.

వార్డులో ఫార్మసిస్టు ఒక్కతే కాబట్టి పేరు లేకపోయినా ఆమె కాగితం తెలిసిపోతుంది. అది ముందే ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. ఆమే నవ్వి, "పర్లేదు మేడమ్, చూడండి" అంది. ఆమె జవాబుల్లో అస్పష్టతే లేదు. తన పనేమిటో తనకు పూర్తిగా తెలుసు. మిగతా అందరినీ 'ఫార్మసిస్టు పనేమిటి' అని అడిగితే మాత్రం, స్టాక్ చూడటం దగ్గర్నుంచి చీటీల్లో తప్పులు పట్టడం దాకా నోటికొచ్చింది చెప్పారు. ఈ ప్రశ్నావళి ఒక మనిషికి తన పాత్ర ఎంత స్పష్టంగా ఉందో అడుగుతుంది. పక్కవాళ్లకు ఎంత స్పష్టంగా ఉందో అడగదు. జట్టుగా చేసే పనిలో ఆ రెండోదే ప్రాణం, అందుకే ఆ ప్రశ్న మేం విడిగా కలుపుకున్నాం.

అసలు గొడవ

కొత్త నియమం కాగితం మీద సులువుగానే వచ్చింది. ఫోన్ ఎత్తినవారు పేరు, విలువ, సమయం ఎర్ర చీటీ మీద రాసి, ల్యాబ్ వాళ్లకి తిరిగి చదివి వినిపించాలి. బోర్డు మీద పేరున్న డాక్టర్‌కే చెప్పాలి. 15 నిమిషాల్లో ఆర్డర్ రాకపోతే నేరుగా కన్సల్టెంట్‌కి ఫోన్ చేయాలి. డాక్టర్ సమయంతో సహా ఆర్డర్ రాసినప్పుడే చీటీ క్లిప్పు నుంచి దిగుతుంది. 'అయిపోయింది' అనే హక్కు డాక్టర్‌ది.

నర్సులు ఒప్పుకోలేదు. "చెప్పడం మా పని. వినకపోతే కూడా మేమే తరమాలా? మళ్లీ మా మీదకే వచ్చిందిగా?" అని ఇన్‌ఛార్జి సిస్టర్ సూటిగా అడిగింది. న్యాయమైన ప్రశ్న. రాత్రి 2 గంటలకి కన్సల్టెంట్‌కి ఫోన్ చేసి తిట్లు తిన్న అనుభవం ఆ గదిలో చాలామందికి ఉంది, నాకూ ఉంది. బాధ్యత రాసిచ్చి అధికారం ఇవ్వకపోతే అది పాత్ర కాదు, ఇరికించడం.

కన్సల్టెంట్ల వాదన వేరు. "ప్రతి చిన్నదానికీ ఫోన్ చేస్తే మేం నిద్రపోవాలా వద్దా?" అదీ నిజమే. మూడు మీటింగులు దీనికే పోయాయి. చివరికి ఏ పరీక్ష ఏ విలువ దాటితే ఫోన్ చేయాలో జాబితాను కన్సల్టెంట్లే రాశారు. ఆ జాబితాలోని కారణంతో ఫోన్ చేసిన నర్సుని ఎవరూ ఏమీ అనకూడదని కింద వాళ్లే సంతకం పెట్టారు. ఆ సంతకాల కాగితం నర్సుల స్టేషన్‌లో ఫోన్ పైనే అంటించి ఉంది. తొమ్మిది పేజీలు చేయలేని పని ఆ ఒక్క పేజీ చేసింది.

కొలత కూడా అక్కడే పెట్టాం: ఫోన్ వచ్చిన సమయం నుంచి ఆర్డర్ రాసిన సమయం దాకా. సగటు కాకుండా మధ్యగత విలువ (అన్నింటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) తీసుకుని, బాగా ఆలస్యమైన వాటిని ఒక్కొక్కటిగా విడిగా చదివాం. పది చీటీలు పది నిమిషాల్లో తెమిలి పదకొండోది మూడు గంటలు పడితే, సగటు ఆ పదీ బాగాలేవన్నట్టు చూపిస్తుంది. మధ్యగత విలువ పదకొండోదాన్ని దాచేస్తుంది. రెండూ చూడాలి. పగటి షిఫ్టుల్లో ఆలస్యం త్వరగానే తగ్గింది. రాత్రుల్లో తగ్గడానికి చాలాకాలం పట్టింది. కారణం నియమం కాదు, రాత్రి ఒకే డ్యూటీ డాక్టర్ మూడు వార్డులు చూడటం.

లెక్క అడిగితే లెక్కే వస్తుంది

రెండో పొరపాటు. ఫార్మసిస్టు పాత్ర అందరికీ కనిపించాలని, ఆమె నెలకి ఎన్ని సూచనలు ఇస్తోందో లెక్కపెట్టి బోర్డు మీద పెట్టాం. సంఖ్య జోరుగా పెరిగింది. నేను సంతోషించాను కూడా. చార్టులు తెరిచి చూస్తే, ఈ మాత్ర భోజనం తర్వాత అని రాయండి, ఆ మందు స్పెల్లింగ్ సరిచేయండి లాంటివే నిండా ఉన్నాయి. డ్యూటీ డాక్టర్లు ఆమె నోట్లు చదవడం మానేశారు. అడిగితే ఆమె దాపరికం లేకుండా చెప్పింది: "మేడమ్, మీరు లెక్క అడిగారు, నేను లెక్క ఇచ్చాను."

తప్పు నాది. లెక్క తీసేశాం. ప్రమాదకరమైన మందుల జంటలు, కిడ్నీకి తగ్గట్టు డోసు మార్చాల్సినవి, వీటికి సంబంధించిన సూచనలు మాత్రమే చూడటం మొదలుపెట్టాం. వాటిలో ఎన్నింటికి డాక్టర్ జవాబు రాశారు, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదు అన్నదే కొలత. ఇప్పుడు ఆమె రిజిస్టర్‌లో రాసి వెళ్లిపోదు, చార్టు మీద రాసి ఫోన్ చేస్తుంది. సంఖ్య బాగా పడిపోయింది. పని బాగుపడింది.

ఇంత జరిగాక యాజమాన్యం అడిగింది: ఈ పనికి ఎంతమంది కావాలి? దీనికి డబ్ల్యూహెచ్‌ఓ పద్ధతి ఒకటుంది, పనిభారం సూచికలతో సిబ్బంది అవసరాన్ని లెక్కగట్టేది. దాని సవరించిన మాన్యువల్ 2010లో వచ్చింది. లెక్క చూపించడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఒకరు ఏడాదిలో 250 రోజులు, రోజుకి 7 గంటలు నిజంగా పనిలో ఉంటే 1,05,000 నిమిషాలు. ఒక చార్టు పరిశీలనకి 15 నిమిషాలైతే ఒక్కరు చేయగలిగేవి 7,000. చేయాల్సినవి 21,000 ఉంటే ముగ్గురు. రికార్డులు, మీటింగులు లాంటి అందరూ చేసే పనులకి 30 శాతం సమయం పోతుంటే, 1ని 0.7తో భాగించి వచ్చే 1.43తో గుణించాలి. అప్పుడు 4.29. ఉన్నది ముగ్గురే అయితే నిష్పత్తి 0.7. ఒకటికి ఎంత తక్కువైతే మనుషుల మీద అంత ఒత్తిడి.

ఈ లెక్కకి ప్రాణం ఆ 15 నిమిషాలే. ఆ పనిలో ఏమేం చేయాలో ముందే తేల్చుకోకపోతే ఆ అంకె ఎవరికి కావలసినట్టు వాళ్లు వేసుకుంటారు. అందుకే పాత్ర రాయకముందు ఈ లెక్క వేయమని అడిగినప్పుడు నేను వేయలేదు. ఇంకో షరతు కూడా పెట్టాను: వర్క్ శాంప్లింగ్ కాగితాలను మనుషుల్ని తగ్గించడానికి వాడకూడదు. రాతపూర్వకంగా ఇచ్చారు. ఇవ్వకపోయి ఉంటే ఆ కాగితాలు నా దగ్గరే ఉండిపోయేవి.

ఆ వార్డు పట్టికలో ఎరుపు ఇప్పుడు చాలావరకు పోయింది. ఒక్క వరస మిగిలింది. సెలవు రోజుల్లో ఫార్మసిస్టు ఉండదు. ఆ రోజు మందుల జంటలను ఎవరు చూడాలి అన్న గడిలో నర్సు అని రాయమని ఒకరు, డ్యూటీ డాక్టర్ అని ఒకరు సలహా ఇచ్చారు. ఇద్దరికీ అదనపు సమయం లేదని మా దగ్గరున్న లెక్కే చెబుతోంది. అందుకని ఏ పేరూ రాయనివ్వలేదు. గడి ఖాళీగానే ఉంది, చుట్టూ ఎర్ర గీత ఉంది. ప్రతి నెలా రివ్యూ మీటింగులో ఆ కాగితాన్ని మొదటి పేజీగా పెట్టి తీసుకెళుతున్నాను.